నీటి అడుగు ఫొటోలకు చిన్న కెమెరా: ఎంపిక లెన్సు వైపు నుంచి

ముందు కెమెరా కొనేసి, ఆ తర్వాత దానికి హౌసింగ్, అంటే నీళ్లు చొరని పెట్టె, ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతకడం నీటి అడుగు ఫొటోగ్రఫీలో డబ్బు తగలేసుకోవడానికి దగ్గరి దారి. నేల మీద ఏ బాడీ కొన్నా ఏదో ఒక లెన్సు తగిలించి పని కానిచ్చేయొచ్చు. నీళ్లలో ఆ వెసులుబాటు లేదు. హౌసింగ్‌ని సాధారణంగా ఒక్క మోడల్ బాడీకే కొలిచి చేస్తారు. దాని ముందు బిగించే పోర్టు, అంటే లెన్సు చూసే గాజు కిటికీ, కొన్ని లెన్సులకే కుదురుతుంది. జూమ్ తిప్పడానికి లెన్సు చుట్టూ తొడిగే పళ్ల చక్రం కూడా ఆ లెన్సు కొలతకే వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి దొరక్కపోయినా మిగతావన్నీ బీరువాలో కూర్చోవలసిందే.

కాబట్టి వరసను తిరగేయాలి. ఏం తీయాలన్నది ముందు తేలాలి. దాన్నిబట్టి లెన్సు, లెన్సునిబట్టి పోర్టు, ఆ రెంటినీ పట్టుకోగల హౌసింగ్, అన్నిటికన్నా చివర్న కెమెరా బాడీ. ఈ వరసలో లెక్క వేస్తూ వస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. పెద్ద సెన్సర్‌కి, అంటే ఫొటో పడే చిప్‌కి, నేల మీద ఉన్న ఆధిక్యం నీళ్లలోకి దిగేసరికి చాలావరకు కరిగిపోతుంది.

చిన్న కెమెరాలంటే ఇక్కడ లెన్సు మార్చుకోగల అద్దంలేని కెమెరాలు, అంటే మిర్రర్‌లెస్‌లు. 2008లో ఒలింపస్, పానసోనిక్ కలిసి ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో సెన్సర్ కొలత 17.3 × 13 మి.మీ. సోనీ ఎ6000 వరస, ఫుజిఫిల్మ్ ఎక్స్ వరస, కెనాన్ ఆర్10 లాంటివి అంతకంటే కాస్త పెద్దదైన ఏపీఎస్-సీ సెన్సర్‌తో వస్తాయి. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 × 24 మి.మీ. ఈ మూడింటి మధ్య తేడా బాడీ బరువులో కంటే, వాటి ముందు పెట్టవలసిన గాజు పరిమాణంలో ఎక్కువగా కనిపిస్తుంది.

హౌసింగ్ గొడవ లేకుండా కెమెరానే నీళ్లలో ముంచేలా చేయొచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చేశారు కూడా. 1963లో నికాన్ తెచ్చిన నికోనోస్ ఫిల్ము కెమెరా లెన్సులు మార్చుకుంటూ నేరుగా సముద్రంలో వాడుకునేదే. డిజిటల్‌లో 2013లో నికాన్ 1 ఏడబ్ల్యూ1 ఆ ప్రయత్నం మళ్లీ చేసింది. 15 మీటర్ల లోతుకే దాని హామీ, దానికోసం ప్రత్యేకంగా చేసిన లెన్సులు రెండే. నికాన్ 1 వరస మొత్తం 2018లో ఆగిపోయింది. ప్రస్తుతానికి లెన్సు మార్చుకోవాలంటే హౌసింగ్ తప్పదు.

గాజుకు అటూ ఇటూ

నీరు వెలుతురుని మింగుతుంది, మసకబారుస్తుంది, వంచుతుంది. మొదటిదాని వల్ల ఎరుపు తొలి 5 మీటర్లలోనే చాలావరకు మాయమవుతుంది, ఆ వెనకే నారింజ, పసుపు పోతాయి, నీలం అన్నిటికంటే లోతుకు దిగుతుంది. రెండోది నీటిలో తేలే నలుసుల పని. ఈ రెంటికీ మందు ఒక్కటే: దగ్గరికి వెళ్లడం. ఎంత దగ్గరంటే, లెన్సుకీ చేపకీ మధ్య మీటరుకు మించి నీళ్లు లేకుండా. స్ట్రోబ్, అంటే నీళ్లలో వాడే విడి ఫ్లాష్, దాని వెలుతురు చేపదాకా వెళ్లి తిరిగి రావాలి కాబట్టి మీటరు దూరం అంటే రెండు మీటర్ల ప్రయాణం. రెండు మీటర్ల దూరంలో ఉన్న చేప నుంచి వచ్చే వెలుతురు నాలుగు మీటర్ల నీటిని దాటి వస్తుంది, అప్పటికే ఎరుపు సగానికి పైగా పోయినట్టే. అందుకే టెలిఫొటో లెన్సులకు నీటి అడుగున పనిలేదు. పెద్ద విషయాలకు బాగా వెడల్పాటి లెన్సు, చిన్న విషయాలకు మాక్రో. మధ్యలో ఉన్నవి చేపల ముఖచిత్రాలకు తప్ప పెద్దగా పనికిరావు.

మూడోది వంపు. కెమెరా ఎంపికను నిజానికి నడిపించేది ఇదే అయినా, కొనేముందు దీని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. చదునైన గాజు ఉన్న పోర్టు, అంటే ఫ్లాట్ పోర్టు ద్వారా చూస్తే నీటిలోని కిరణాలు గాలిలోకి వచ్చేటప్పుడు బయటికి వంగుతాయి. వస్తువు నాలుగింట మూడొంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, లెన్సు చూపు కోణం కుంచించుకుపోతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 14 మి.మీ. దగ్గర నేల మీద మూల నుంచి మూలకు 75 డిగ్రీలు చూస్తే, ఫ్లాట్ పోర్టు వెనక దానికి దక్కేది 54 డిగ్రీలే. లెన్సు ఎంత వెడల్పుదైనా ఈ గాజు ద్వారా సుమారు 97 డిగ్రీలకు మించి చూడలేదు, అది భౌతికశాస్త్రం గీసిన గీత. పైగా అంచుల్లో రంగులు విడిపోయి ఎరుపు, నీలం చారలు కనబడతాయి. మాక్రో లెన్సుకు ఇవేవీ సమస్య కావు, దాని కోణమే ఇరుకు కనుక. వెడల్పు లెన్సుకు మాత్రం ఫ్లాట్ పోర్టు కళ్లకు కట్టిన గంత.

దానికి పరిష్కారం అర్ధగోళం ఆకారపు డోమ్ పోర్టు. లెన్సులోకి కిరణాలు ప్రవేశించే బిందువు సరిగ్గా ఆ గోళం కేంద్రంలో ఉంటే, ప్రతి కిరణం గాజును నిటారుగా దాటుతుంది, వంగదు. 180 డిగ్రీలు చూసే ఫిష్‌ఐ అనే అతి వెడల్పు లెన్సు నీళ్లలోనూ 180 డిగ్రీలే చూస్తుంది. ఆ బిందువు కేంద్రంలో పడేలా చూడడానికే హౌసింగ్ తయారీదారులు ఎక్స్‌టెన్షన్ రింగులు అమ్ముతారు, ఏ లెన్సుకు ఏ డోమ్, ఎంత పొడవు రింగు అన్న పోర్టు చార్టును ప్రచురిస్తారు. కెమెరా సమీక్షలు పది చదివేకంటే ఈ చార్టును ఒకసారి శ్రద్ధగా చదవడం మేలు. మనసుపడ్డ లెన్సు పేరు ఆ చార్టులో లేదంటే దాని కథ అక్కడితో సరి.

డోమ్‌కి ఒక మెలిక ఉంది. దాని వెనక నుంచి చూసే లెన్సుకు అసలు దృశ్యం కనపడదు, డోమ్‌కి కాస్త ముందు ఏర్పడే ఒక మిథ్యా ప్రతిబింబం కనబడుతుంది. లెక్క సులువే. డోమ్ వ్యాసార్ధం ఎంతో, దానికి సుమారు మూడు రెట్ల దూరంలో, గాజు ముందు, అనంత దూరంలోని వస్తువు ప్రతిబింబం నిలుస్తుంది. 10 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న డోమ్ అయితే 30 సెం.మీ. దూరంలో, 5 సెం.మీ. దైతే 15 సెం.మీ. దూరంలో. అంటే ముక్కు ముందున్న పగడం మొదలు దూరాన ఈదే తిమింగలం దాకా, లోకమంతా ఆ కొద్ది సెంటీమీటర్లలో ఇరుక్కుని ఉంటుంది. లెన్సు అంత దగ్గరికి ఫోకస్ చేయగలగాలి. పానసోనిక్ 8 మి.మీ. ఫిష్‌ఐ 10 సెం.మీ. దాకా ఫోకస్ చేస్తుంది, కాబట్టి అరచేతిలో ఇమిడే చిన్న డోమ్ వెనక హాయిగా పనిచేస్తుంది. 25 సెం.మీ. దగ్గర ఆగిపోయే 7–14 మి.మీ. జూమ్‌కి పెద్ద డోమ్ కావాలి. నేల మీద ఎవరూ పట్టించుకోని కనీస ఫోకస్ దూరం అనే అంకె ఇక్కడ అన్ని అంకెల కంటే ముందు చూడవలసింది.

ఇంకో చిక్కు ఏమిటంటే ఆ మిథ్యా ప్రతిబింబం చదునుగా ఉండదు, గిన్నెలా వంగి ఉంటుంది. మధ్యలో ఫోకస్ కుదిరితే మూలలు మసకబారతాయి. డోమ్ చిన్నదయ్యే కొద్దీ వంపు ఎక్కువ, మసక ఎక్కువ. దీనికి విరుగుడు అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని, బాగా మూయడం, లేకపోతే డోమ్ పెంచడం.

సెన్సర్ పెద్దదైతే ఏం ఒరుగుతుంది?

సెన్సర్ చర్చ తేలేది ఇక్కడే. ఒకే కోణం, ఒకే డోమ్ అనుకుందాం. మూలలు స్పష్టంగా రావడానికి ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/16 దాకా (ఎఫ్ పక్క అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నది) మూయవలసి వస్తే, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద ఎఫ్/8 చాలు. రెంటి స్పష్టత లోతు, అంటే పదునుగా కనపడే దూరాల పరిధి, ఒకటే. కానీ ఎఫ్/16 లోపలికి వదిలే వెలుతురు ఎఫ్/8 వదిలేదాంట్లో నాలుగో వంతు. షట్టర్ వేగం మార్చకుండా ఆ లోటు పూడ్చాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఐఎస్ఓను, అంటే వెలుతురుకు స్పందించే స్థాయిని, 200 నుంచి 800కి పెంచుకోవాలి. చీకట్లో తక్కువ నాయిస్ (ఫొటోలో గరుకు మచ్చలు) అనే పేరుతో ఏ ఆధిక్యాన్ని చూసి పెద్ద సెన్సర్‌ను కొన్నారో ఆ ఆధిక్యం కచ్చితంగా ఆ రెండు స్టాపుల్లోనే (స్టాపుకొకసారి వెలుతురు సగమవుతుంది) ఖర్చయిపోతుంది. స్ట్రోబ్ నుంచి కావలసిన శక్తి కూడా రెంటికీ సమానమే. విశాలమైన అపెర్చర్ వల్ల వచ్చే నేపథ్యపు మసక కోసం పెద్ద సెన్సర్ కొనేవాళ్లుంటారు, డోమ్ వెనక ఎఫ్/1.8లో తీసే ఫొటోలో మసకబారేది నేపథ్యం ఒక్కటే కాదు.

డిఫ్రాక్షన్, అంటే సన్నటి రంధ్రం దాటేటప్పుడు వెలుతురు చెదరడం, వల్ల చిన్న సెన్సర్ ఫొటో ముందే పదును కోల్పోతుందన్న వాదన ఉంది. నిజమే, మైక్రో ఫోర్ థర్డ్స్ ఎఫ్/11 దాటితే పదును తగ్గుతుంది. ఫుల్ ఫ్రేమ్‌కి అదే పరిస్థితి ఎఫ్/22 దగ్గర వస్తుంది, ఆ రెండూ ఇచ్చే స్పష్టత లోతు ఒకటే కనుక ఇక్కడా లెక్క సరిసమానం.

పెద్ద సెన్సర్ నిజంగా గెలిచే చోట్లు లేకపోలేదు. సూర్యుడు ఫ్రేములోకి వచ్చే దృశ్యాల్లో వెలుగు నుంచి నీలంలోకి దిగే అంచు మెత్తగా రావాలంటే డైనమిక్ రేంజ్, అంటే బాగా వెలుగునూ బాగా చీకటినీ ఒకేసారి పట్టే శక్తి, కావాలి, అక్కడ తేడా కంటికి కనబడుతుంది. ఓడ శిథిలాల లోపల సహజ వెలుతురుతో తీసేవాళ్లకు, పెద్ద ప్రింట్లు వేసేవాళ్లకు, గట్టిగా క్రాప్ చేసేవాళ్లకు కూడా పెద్ద సెన్సర్ మేలు చేస్తుంది. అయితే ఫుల్ ఫ్రేమ్ మీద గీతలను వంచకుండా చూపే వెడల్పు జూమ్‌కు మంచి మూలలు కావాలంటే 23 సెం.మీ. డోమ్ దాకా వెళ్లవలసి ఉంటుంది. అంత గాజును విమానంలో మోయడం, అలల్లో పడవ నిచ్చెన ఎక్కుతూ చేతికివ్వడం, ప్రవాహంలో అడ్డంగా ఈడ్చుకెళ్లడం, ఇవన్నీ ఆ సెన్సర్‌తో పాటు కొన్నట్టే. ఏపీఎస్-సీ ఈ రెంటికీ మధ్యస్థం, లెక్క ప్రకారం ఎఫ్/11కి కాస్త అటూ ఇటూ.

ఫిష్‌ఐ ఈ గొడవల నుంచి చాలావరకు తప్పించుకుంటుంది. దాని ఫోకల్ లెంగ్త్ చిన్నది, వంపు తిరిగిన మూలలను చదును చేయాలన్న పట్టుదల దానికి లేదు, సముద్రం అడుగున నిటారు గీతలూ ఉండవు. చిన్న సెన్సర్, ఫిష్‌ఐ, చిన్న డోమ్ అన్న మేళవింపు నీటి అడుగున ఇంత ఆదరణ పొందడానికి కారణం ఇదే. చిన్న డోమ్‌ను రాతి పగుల్లోకి, పగడం కొమ్మల మధ్యకు దూర్చవచ్చు. సగం నీళ్లు, సగం ఆకాశం కనపడే ఫొటోలకు మాత్రం అది పనికిరాదు, నీటి గీత మందంగా పడి ఫ్రేము పాడవుతుంది. వాటికి పెద్ద డోమే కావాలి.

డోమ్ గాజుదా, అక్రిలిక్‌దా అన్నది డబ్బుతో పాటు అలవాటుకు సంబంధించిన విషయం. అక్రిలిక్ త్వరగా గీతలు పడుతుంది, కానీ బయటి గీతల్లో నీళ్లు నిండాక అవి పెద్దగా కనబడవు, పాలిష్ చేసి పోగొట్టుకోవచ్చు కూడా. గాజు అంత తేలిగ్గా గీతపడదు, పడితే ఇక అంతే.

ఒక డైవ్‌లో రెండు పనులు

నీళ్లలో లెన్సు మార్చలేం. డోమ్ వెనక ఫిష్‌ఐ పెట్టుకుని దిగినప్పుడే బొటనవేలంత సముద్రపు గుర్రం ఎదురవుతుంది, మాక్రో పెట్టుకున్న రోజే మాంటా అనే పెద్ద చేప తల మీదుగా ఈదుకుంటూ పోతుంది. దీనికి చిన్న కెమెరాల లోకంలో చక్కటి ఉపాయం వెట్ లెన్స్. కిట్ జూమ్‌ను ఫ్లాట్ పోర్టులో ఉంచి, దాని ముందు నీళ్లలోనే తగిలించి, నీళ్లలోనే తీయగలిగే లెన్సు ఇది. నాటికామ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎల్-1 అనే వెట్ లెన్సు, 28 మి.మీ. కి సమానమైన కిట్ లెన్సు ముందు నిలబడి 130 డిగ్రీల చూపు ఇస్తుంది, జూమ్ కూడా పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని తీసి పక్కన తగిలించుకుని, 67 మి.మీ. మర ఉన్న క్లోజప్ లెన్సు బిగిస్తే అదే కిట్ లెన్సు జూమ్ చివర చిన్న ప్రాణుల పని పడుతుంది. నీటి కోసమే రూపొందించినవి కాబట్టి మూలల విషయంలో ఇవి చాలా డోమ్‌ల కంటే మెరుగు.

వీటి లోపాలు కూడా చెప్పుకోవాలి. బరువైన గాజు ముక్క. పోర్టుకీ దానికీ మధ్య చిక్కిన గాలి బుడగలను నీళ్లలోకి దిగాక లెన్సు తీసి చేత్తో తుడిచి వదిలించుకోవాలి, మర్చిపోతే డైవ్ అంతా ప్రతి ఫొటోలో ఒక మబ్బు. సగం నీళ్లు సగం ఆకాశం ఫొటోలు వీటితో అసాధ్యం. పైగా పాత కిట్ జూమ్‌లు అన్నీ కుదరవు, ఏది కుదురుతుందో మళ్లీ పోర్టు చార్టే చెప్పాలి. అయినా మొదటి సామగ్రిగా కిట్ జూమ్, ఫ్లాట్ పోర్టు, రెండు వెట్ లెన్సులు అన్న దారికి సాటి వచ్చేది మరొకటి కనబడదు. ఫిష్‌ఐ, డోమ్ తర్వాత చేర్చుకోవచ్చు.

మాక్రో దగ్గర చిక్కులు తక్కువ. ఒలింపస్ 60 మి.మీ. ఎఫ్/2.8 మాక్రో 19 సెం.మీ. దగ్గర వస్తువును అసలు పరిమాణంలోనే సెన్సర్ మీద పడేస్తుంది, భయస్తులైన ప్రాణులకు కావలసిన ఎడం ఇస్తుంది. నీళ్లు మురికిగా ఉండే చోట్ల దాని ఇరుకు చూపు ఇబ్బందే, అప్పుడు పానసోనిక్ 45 మి.మీ. మేలు. ఒలింపస్ 30 మి.మీ. మాక్రో కాగితం మీద 1.25 రెట్లు పెద్దది చేస్తుంది కానీ ఆ స్థితిలో లెన్సు అంచుకీ వస్తువుకీ మధ్య మిగిలేది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు. ఆ ఒకటిన్నరలో పోర్టు గాజు ఎంత తింటుంది, వెలుతురు ఎటు నుంచి దూరుతుంది?

హౌసింగ్: పెట్టెలా కనపడే యంత్రం

ప్రతి 10 మీటర్లకూ నీటి పీడనం ఒక బార్ పెరుగుతుంది. వినోద డైవింగ్‌కు సాధారణ హద్దయిన 40 మీటర్ల దగ్గర హౌసింగ్ లోపలికీ బయటికీ తేడా 4 బార్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోల తోపు. 10 సెం.మీ. వెడల్పున్న పోర్టు గాజు మీద ఇది మూడు వందల కిలోలు దాటుతుంది. గాజు దాన్ని తట్టుకుంటుంది. చిక్కొచ్చేది బటన్ల దగ్గర. 5 మి.మీ. మందం ఉన్న బటన్ కడ్డీ మీద ఆ లోతున సుమారు 800 గ్రాముల బలం లోపలికి తోస్తూ ఉంటుంది. వేలు తీశాక దాన్ని వెనక్కి నెట్టే స్ప్రింగ్ అంతకన్నా బలంగా లేకపోతే బటన్ లోపలే ఇరుక్కుపోతుంది, కెమెరా ఏదో ఒక మెనూలో బిగుసుకుపోయి ఏ ఆజ్ఞా వినదు. చౌక హౌసింగుల్లో లోతు పెరిగే కొద్దీ కనపడే ఈ జబ్బును నీళ్లు కారడం అనుకోకూడదు. పైకి రాగానే బటన్ తానంతట తాను తేలుతుంది, ఫొటోలు మాత్రం తిరిగి రావు. కాబట్టి తయారీదారు చెప్పే లోతు హద్దును, దిగాలనుకున్న లోతుకు సరిగ్గా సమానంగా కాక అంతకంటే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోవడం క్షేమం. నాటికామ్ లాంటి అల్యూమినియం హౌసింగులు సాధారణంగా 100 మీటర్లకు, ఐకలైట్ వాళ్ల పారదర్శక పాలికార్బొనేట్ హౌసింగులు 60 మీటర్లకు, సీఫ్రాగ్స్ లాంటి చౌక రకాలు 40 మీటర్లకు హామీ ఇస్తాయి.

పాలికార్బొనేట్‌కి ఒక మంచి గుణం ఉంది, లోపల ఏం జరుగుతోందో కనబడుతుంది. నీటి చుక్క చేరితే చూసి పైకి రావచ్చు. కానీ ఆ ప్లాస్టిక్ వేడిని బయటికి పోనివ్వదు. వీడియో తీస్తూ కెమెరా వేడెక్కితే లోపలి తేమ చల్లని పోర్టు గాజు మీద పేరుకుని మంచు పడుతుంది. లోహపు హౌసింగ్‌లో గోడలు కూడా చల్లగానే ఉంటాయి కాబట్టి తేమ ముందు అక్కడికి చేరుతుంది. రెంటిలోనూ అసలు మందు, హౌసింగ్‌ను పడవ మీద ఉప్పుగాలిలో కాకుండా గదిలో పొడి గాలిలో మూయడమే. సిలికా జెల్ సంచి అదనపు సాయం. అల్యూమినియానికి శత్రువు ఉప్పు. స్టీలు మర, అల్యూమినియం ఒంటికి అంటుకున్న చోట ఉప్పునీరు ఎండితే తినేస్తుంది. డైవ్ తర్వాత మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లలోనే ప్రతి బటన్ నొక్కి, ప్రతి చక్రం తిప్పి కడగాలి.

నీళ్లను ఆపేది ఓ-రింగ్ అనే రబ్బరు కట్టు ఒక్కటే. దాన్ని గట్టిగా బిగించేది కూడా నీటి పీడనమే, అందుకే హౌసింగ్ ఎక్కువగా కారేది లోతులో కాదు, మొదటి మీటరులో, కొన్నిసార్లు పడవ మీది కడుగు తొట్టిలో. రింగు మీద ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, పక్కన జారిన సిలికా సంచి తాడు చాలు. గ్రీజు నీళ్లను ఆపదు, రింగు మెలిపడకుండా జారడానికే అది. మందంగా పూస్తే ఇసుకను పిలిచి కూర్చోబెట్టినట్టు. సిలికోన్ రబ్బరు రింగుకు సాధారణ సిలికోన్ గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది, హౌసింగ్‌తో వచ్చిన గ్రీజే వాడాలి.

ఈ భయానికి ఇప్పుడున్న గట్టి జవాబు వాక్యూమ్ వాల్వ్. హౌసింగ్ మూశాక చిన్న పంపుతో లోపలి గాలి కొంత లాగేస్తారు. లోపల 0.8 బార్ మిగిలిందనుకుంటే, పొడి నేల మీదే రెండు మీటర్ల లోతులో ఉన్నంత పీడనం రింగు మీద పడుతుంది. అంటే ప్రమాదకరమైన ఆ మొదటి మీటరును బల్ల మీదే దాటేసినట్టు. పదిహేను, ఇరవై నిమిషాల తర్వాత కూడా ఆకుపచ్చ దీపం వెలుగుతుంటే దిగొచ్చు. హౌసింగ్‌తో రాకపోతే విడిగా కొని బిగించుకునే వీలుందో లేదో ముందే చూడాలి. రెండు హౌసింగుల మధ్య ఊగిసలాడేవారికి ఈ ఒక్క సంగతే తేల్చివేయాలి.

బాడీ వంతు వచ్చినప్పుడు

హౌసింగ్‌లో పెట్టగానే కెమెరా సగం గొప్పలు చచ్చిపోతాయి. టచ్ స్క్రీన్ పనిచేయదు. తిరిగే స్క్రీన్‌కి తిరగడానికి చోటుండదు. వాన నీటిని ఆపే సీలింగుకు అర్థం లేదు. సెకనుకు ఇరవై ఫ్రేములు తీసినా స్ట్రోబ్ అంత వేగంగా ఛార్జ్ కాదు. వీటికోసం అదనంగా చెల్లించడం దండగ.

వాటి బదులు చూడవలసినవి బ్రోషర్ వెనక పేజీల్లో ఉంటాయి. అపెర్చర్‌కి ఒకటి, షట్టర్‌కి ఒకటి చొప్పున రెండు చక్రాలు ఉన్నాయా, ఆ రెంటినీ హౌసింగ్ నిజంగా తిప్పగలదా? ఒలింపస్ ఓఎం-డీ ఇ-ఎం10 లాంటి బాడీల మీదుండే పై చక్రాలను పళ్ల చక్రాలతో గట్టిగా పట్టుకోవచ్చు. వెనకవైపు చదునుగా ఉండే చక్రాన్ని కొన్ని హౌసింగులు రబ్బరు చివరున్న గుబ్బతో తిప్పుతాయి, అది జారుతుంది. ఫోకస్ బిందువును టచ్‌తోనే కదిలించే కెమెరా నీళ్లలో ఫోకస్ బిందువు కదలని కెమెరా. ఫోకస్‌ను షట్టర్ నుంచి విడదీసి బొటనవేలి బటన్‌కి అప్పగించే వీలు, లోతులో తెల్ల పలక చూపించి వైట్ బ్యాలెన్స్‌ను, అంటే రంగుల సవరణను, ఒక్క బటన్‌తో తీసుకునే వీలు, ఫ్లాష్ సింక్ వేగం, అంటే ఫ్లాష్‌తో కలిసి నడిచే గరిష్ఠ షట్టర్ వేగం (సోనీ ఎ6000 వరసలో సెకనులో 160వ వంతు, పై తరగతి ఒలింపస్ బాడీల్లో 250వ వంతు), డైవ్‌ల మధ్య హౌసింగ్ తెరవకుండా నడిపించే బ్యాటరీ: అసలైన విలువ వీటిది.

కొత్తవాళ్లను బెదరగొట్టే రెండు చిన్న సంగతులున్నాయి. స్ట్రోబ్ కోసం ఎఫ్/11, సెకనులో 200వ వంతు, ఐఎస్ఓ 200 పెట్టగానే స్క్రీన్ నల్లబడిపోతుంది. కెమెరా పాడవలేదు, స్ట్రోబ్ రాబోతోందని తెలియక ఆ సెట్టింగులతో దృశ్యం ఎలా ఉంటుందో నిజాయితీగా చూపిస్తోంది. ఒలింపస్‌లో లైవ్ వ్యూ బూస్ట్ పెట్టడం, సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆపడం, కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపడం దీనికి విరుగుడు. రెండోది కంటి సెన్సర్. వ్యూఫైండర్ పక్కనుండే ఆ చిన్న సెన్సర్ హౌసింగ్ గోడను చూసి ఎవరో కన్ను ఆనించారనుకుని వెనక స్క్రీన్ ఆపేస్తుంది. మూసేముందు దాన్ని మెనూలో ఆపేయాలి.

స్ట్రోబ్‌కి కబురు అందించే పద్ధతి కూడా బాడీని నిర్ణయిస్తుంది. పైకి లేచే చిన్న ఫ్లాష్ ఉన్న కెమెరాల్లో దాని మెరుపును ఫైబర్ ఆప్టిక్ తీగ ద్వారా స్ట్రోబ్‌కి పంపితే చాలు, హౌసింగ్‌కి విద్యుత్ తీగ కోసం రంధ్రం అక్కరలేదు. సోనీ ఎ6400లో ఈ ఫ్లాష్ ఉంది, ఎ6600లో, 2023లో వచ్చిన ఎ6700లో లేదు. పాతదాని కంటే కొత్తది అన్ని విధాలా మెరుగన్న లెక్క ఇక్కడ తప్పుతుంది. ఫ్లాష్ లేని బాడీలకు హౌసింగ్ లోపల ఎల్ఈడీ ట్రిగ్గర్ అనే చిన్న పలక పెట్టుకోవాలి, అది అదనపు ఖర్చు. దాని లాభం, ఎంత వేగంగా నొక్కినా వెనకాడదు. కెమెరా ఫ్లాష్‌తోనే సరిపెట్టుకునేవారు దాన్ని మాన్యువల్‌లో 64వ వంతు శక్తికి తగ్గించి పెట్టుకోవాలి. స్ట్రోబ్‌ని లేపడానికి ఆ మినుకు చాలు, బ్యాటరీ మిగులుతుంది, మళ్లీ ఛార్జ్ కావడానికి ఎదురుచూపు ఉండదు.

బరువు గురించి కంగారుపడేవారు నేల మీది అంకెను చూసి పడతారు. రెండున్నర లీటర్ల చోటు ఆక్రమించే హౌసింగ్ సముద్రంలో రెండున్నర కిలోల పైచిలుకు నీటిని తొలగిస్తుంది. కెమెరాతో కలిపి 2.8 కిలోలున్నా నీళ్లలో దాని బరువు పావు కిలో. స్ట్రోబులు, వాటిని పట్టుకునే కడ్డీలు కలిశాక మునిగే బరువు పెరిగితే ఫోమ్ బెండ్లు తగిలించి సరిచేసుకోవచ్చు. డోమ్‌లోని గాలి హౌసింగ్ ముందు భాగాన్ని పైకెత్తి మణికట్టును నొప్పిపెట్టడం మాత్రం మొదటి డైవ్‌లో తప్ప తెలియదు.

ఇక చివరి లెక్క. కెమెరా మోడళ్లు రెండు మూడేళ్లకోసారి మారతాయి, హౌసింగ్ పదేళ్లు పనిచేస్తుంది, దాని ఖరీదు తరచుగా బాడీని మించిపోతుంది. కొత్త బాడీ బటన్లు ఒక్క మిల్లీమీటరు జరిగినా పాత హౌసింగ్‌లో పట్టదు. పోర్టులు, వెట్ లెన్సులు, స్ట్రోబులు మాత్రం అదే తయారీదారు, లెన్సు బిగించే అదే మౌంట్ అయినంతకాలం చాలావరకు వెంట వస్తాయి. అందువల్ల ఒక తరం వెనకటి బాడీని, దానికి చేసిన హౌసింగ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కలిపి కొని, మిగిలిన డబ్బు రెండో స్ట్రోబ్‌కీ మంచి పోర్టుకీ పెట్టడం చాలామందికి కలిసొచ్చే పద్ధతి. అదే మోడల్ బాడీ ఇంకొకటి విడిగా కొని దాచుకుంటే, ఎప్పుడైనా లోపలికి నీళ్లు చేరినప్పుడు హౌసింగ్ వృథా కాదు. పాత హౌసింగ్ కొనేటప్పుడు ఓ-రింగులు, బటన్ కడ్డీల లోపలి చిన్న రింగులు ఎన్నాళ్ల కిందట మార్చారో అడగాలి. సమాధానం తేలకపోతే సర్వీసింగ్ ఖర్చును ధరలో కలుపుకుని బేరమాడాలి, మొదటి డైవ్‌కి కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌లో పొడి టిష్యూ కాగితం పెట్టి దింపాలి.